ఆరో చెంచా

నాన్న పాత రిపోర్టులేమైనా ఉంటే తెమ్మని డాక్టరు అడగడంతో మంచం కింద ఉన్న రేకు పెట్టె తెరవాల్సి వచ్చింది. అమ్మానాన్నలు చిక్కడపల్లిలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి అశోక్‌నగర్‌లో మా ఫ్లాటుకు వచ్చినప్పుడు సామాన్లతో పాటు వచ్చిన పెట్టె అది. ఏడాది గడిచినా ఎవరూ తాళం తీయలేదు. పైన పెన్షన్ కాగితాలు, వాటి కింద నా స్కూలు మార్కుల కార్డులు, అట్టడుగున అమ్మ పాత చీర ముక్కలో చుట్టిన ఒక చెక్క ఉన్నాయి. చెక్కకు నైలాను దారం చుట్టి ఉంది. దారం చివర నారింజ రంగు ప్లాస్టిక్ రొయ్య, దాని తోక దగ్గర పైకి తిరిగిన రెండు వరసల సూదులు. సూదులు తుప్పు పట్టాయి, రొయ్యకు ఒక కన్ను చెరిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఉప్పు వాసన వస్తుందనుకున్నాను. కలరా ఉండల వాసన వచ్చింది. రిపోర్టులు ఆ పెట్టెలో లేవు.

ఆ రొయ్యను ఎరగా వేసి నాన్న, నేను స్క్విడ్ పట్టేవాళ్ళం, సంచిలాంటి ఒళ్ళూ పది కాళ్ళూ ఉండే సముద్రజీవిని. నాన్నది శ్రీకాకుళం జిల్లాయే అయినా సముద్రం తెలిసిన కుటుంబం కాదు. తాతయ్య బడిపంతులు. నాన్నకు పోర్ట్‌బ్లెయిర్‌లో రేవు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. రెండో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా నా చదువు అక్కడే సాగింది. ఆ దీవులు దేశానికి అంత తూర్పున ఉన్నా టైము మాత్రం ఇక్కడిదే కాబట్టి చలికాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి పడేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి, అమ్మ ఇచ్చిన టీ నిలబడే తాగి, మోకాళ్ళ దాకా వచ్చే పాత నిక్కరు వేసుకుని, ఒక చేతిలో బకెట్టు, ఒక చేత్తో నన్ను పట్టుకుని జెట్టీకి బయలుదేరేవాడు. సునామీ తరువాత బాగుచేసిన జెట్టీ అది. పక్క దీవులకు వెళ్ళే పడవల్లో ఆఖరిది కదిలాక అక్కడ ఎవరికీ పని ఉండదు. అప్పుడు దీపాలు వెలిగేవి. ఆ వెలుగు నీళ్ళ మీద పడ్డచోట చిన్నచేపలు ముసిరేవి, వాటికోసం స్క్విడ్ వచ్చేవి. వాటికోసం ఊళ్ళో సగంమంది మగవాళ్ళు వచ్చేవాళ్ళు. బెంగాలీలు, తమిళులు, మావాళ్ళు అంతా అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళు. ఎవరి జాగా వాళ్ళది. ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు.

మాకు పట్టడం నేర్పింది అప్పలరాజు మామ. జెట్టీ మీద మూటలు మోసే మనిషి, మా జిల్లావాడు. రొయ్యను నీళ్ళలో వదిలి, అది కిందికి దిగేదాకా ఆగి, దారాన్ని రెండుసార్లు విదిలించి, మళ్ళీ ఆగాలి. స్క్విడ్ పడితే చేప పడినట్టు గుంజదు. దారానికి ఎవరో తడి గుడ్డ తగిలించినట్టు బరువు తెలుస్తుంది, అంతే. నాన్న తొందరపడేవాడు.

"ఏటి బాబూ, బావిలో చేద నాగినట్టు నాగేత్తన్నావు," అనేవాడు మామ. "అది సూదికి ఒట్టినే పట్టుకుని ఉంటాది. జారిపోద్ది. నీ కూతుర్ని సూడు, ఎంత నెమ్మదిగా తీత్తందో."

"దానికి ఆఫీసులో పన్లేదు కదా, నెమ్మదిగా తీస్తుంది," అనేవాడు నాన్న. నాకు మాత్రం చెవిలో చెప్పేవాడు: "అమ్మలూ, దారం వదులు చెయ్యకు. వదులు చేశావా, పోయింది."

పైకి వచ్చిన స్క్విడ్‌ను వెంటనే ఎత్తకూడదు. నీటి అంచున ఉంచి, సిరా కక్కనిచ్చి, అప్పుడు తీయాలి. కక్కకముందే ఎత్తితే మన మీద కక్కుతుంది. ఆ పాఠం నాన్నకు ఎప్పటికీ రాలేదు. అమ్మ ఉతికినా పోని నల్ల మరకలున్న చొక్కాలు ఆయనకు నాలుగో ఐదో ఉండేవి. బకెట్టులో వేశాక స్క్విడ్ ఒంటి మీద ఎర్రటి చుక్కలు వెలిగి ఆరి, వెలిగి ఆరి, చివరికి తెల్లబడిపోయేవి. నేను ఆ చుక్కలు చూస్తూ కూర్చునేదాన్ని. అది చావడమని నాకు తెలియదు.

అమ్మ ఇంట్లో చేపలు వండేది కానీ స్క్విడ్‌ను మాత్రం గడప దాటనిచ్చేది కాదు. "ఎముకా లేదు, పొలుసూ లేదు, దాన్ని తినడమేమిటండీ," అనేది. అందుకని నాన్నే క్వార్టర్స్ వెనక తులసికోటకు దూరంగా, కుళాయి గట్టు మీద పీట వేసుకుని శుభ్రం చేసేవాడు. తలను పట్టి మెల్లగా లాగితే లోపలిదంతా దానితోపాటే వచ్చేస్తుంది. సిరా తిత్తి పగలకుండా వేరుచేయాలి. లోపలి నుంచి గాజులాంటి సన్నటి ఈక ఒకటి లాగేవాడు. అది నాకు. ఎండబెట్టి పుస్తకాల్లో పెట్టుకునేదాన్ని. పైన ఊదారంగు పొర గోటితో ఒలిచి, కాళ్ళ మధ్య చిలకముక్కులా ఉండే నోటిని నొక్కి తీసి, ఉప్పుతో తోమి, ఉంగరాలుగా కోసేవాడు. కిరోసిన్ స్టవ్ మీద ఇనుప మూకుడు పొగలొచ్చేదాకా కాగాలి. వెల్లుల్లి, కరివేపాకు, దంచిన మిరియాలు వేసి, ఆ పైన స్క్విడ్ వేసేవాడు. వేసిన దగ్గర్నుంచి నేను పైకి లెక్కపెట్టాలి. నూట ఇరవై అనగానే దింపేసేవాడు. "రెండు నిమిషాలు దాటిందా, ఇక గంట ఉడకబెట్టాల్సిందే. మధ్యలో దింపినవాడు చెప్పులు నములుకోవాలి," అనేవాడు. గంట ఉడకబెట్టి మెత్తగా తినేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. పళ్ళు లేనివాళ్ళ తిండి అనేవాడు. మేమిద్దరం గట్టు మీదే, ఒకే కంచంలో, నిమ్మకాయ పిండుకుని తినేవాళ్ళం. నాన్న తినడం నాకు బాగా గుర్తు. కళ్ళు మూసుకుని, దవడ కదిలీ కదలనట్టు, చాలాసేపు నమిలేవాడు. మింగేటప్పుడు గొంతు ముడి ఒకసారి పైకి వెళ్ళి కిందికి దిగేది. మింగడం ఒక పని అని, దానికి కండరాలు, నరాలు, వరస, వేళ ఉంటాయని నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇప్పుడు ఎవరు తింటున్నా నేను గొంతే చూస్తాను.

తొమ్మిదో తరగతి అయ్యాక నాన్నకు బదిలీ దొరికి హైదరాబాదు వచ్చేశాం. నేను నారాయణగూడలో స్కూలుకి, తరువాత కాలేజీకి నడిచి వెళ్ళడానికి వీలుగా ఉంటుందని చిక్కడపల్లిలో ఇల్లు తీసుకున్నారు. రెండు గదులు, కిటికీ తెరిస్తే అవతలి వాళ్ళ గోడ. సాయంత్రం ఐదయ్యేసరికి నాన్న ఏమీ తోచక నడకకు వెళ్ళేవాడు. కూరగాయల మార్కెట్టు చుట్టి, సినిమా హాళ్ళ జనంలోంచి దూరి, ట్యాంక్‌బండ్ దాకా వెళ్ళి, కాసేపు ఆ నీళ్ళు చూసి వచ్చేవాడు. "ఏం కనిపించింది నాన్నా?" అంటే "నీళ్ళే. అడుగున ఏమీ లేదు," అనేవాడు. స్క్విడ్ మాట మా ఇంట్లో మెల్లగా ఆగిపోయింది. దొరకదని కాదు. పెద్ద హోటళ్ళలో దొరుకుతుంది. నా మొదటి జీతంతో తీసుకెళ్ళాను. పిండిలో ముంచి వేయించిన ఉంగరాలు వచ్చాయి. నాన్న ఒకటి తిని, మర్యాదగా, "బాగుంది," అని పళ్ళెం నా వైపు జరిపాడు.

జబ్బు మొదట చేతి వణుకుగా వచ్చింది. పార్కిన్సన్స్ అన్నారు. మందులు వాడాం, నడక చిన్నదైంది, మాట చిన్నదైంది, సంతకం చీమంత అయింది. వాటన్నిటికీ మేము భయపడ్డాం. నేనైతే పాప కడుపులో ఉండగానే దానికీ నాన్నకూ కలిపి భయపడటం మొదలుపెట్టాను. భయపడనిది ఒక్కదానికే. అన్నం తినేటప్పుడు నాన్నకు పొలమారేది. మొదట ఎప్పుడో ఒకసారి, తరువాత రోజూ. పొలమారినప్పుడల్లా అమ్మ లేచి నడినెత్తి మీద మెల్లగా తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారండీ," అనేది. చిన్నప్పటినుంచి విన్న మాట. మా ఇంట్లో అందరం అదే చేస్తాం, పాపకూ అదే చేశాం. నేను నవ్వుతూ, "ఇంకెవరు, అప్పలరాజు మామే అయివుంటాడు. జెట్టీ మీద కూర్చుని తిడుతున్నాడు," అనేదాన్ని. నాన్న దగ్గుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "నా జాగాలో వేరేవాణ్ణి కూర్చోబెట్టి ఉంటాడు," అనేవాడు. నవ్వుకునేవాళ్ళం. ఏడాదిపాటు రోజుకు రెండు పూటలా ఆ పరాచికం ఆడాం.

తరువాత రెండుసార్లు జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము. రెండోసారి హైదర్‌గూడలో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మింగడం ఎలా ఉందో చూసే అమ్మాయి ఒకామె వచ్చింది. నా వయసే ఉంటుంది. నాన్నకు ఒక చెంచా నీళ్ళిచ్చి, గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి చూసింది. తరువాత అమ్మను అడిగింది.

"ఆంటీ, అంకుల్‌కి తినేటప్పుడు పొలమారేదా?"

"ఆ, మారేదమ్మా. ఎవరైనా తలుచుకుంటే..." అంటూ అమ్మ అలవాటుగా నవ్వబోయింది. ఆ అమ్మాయి నవ్వకపోవడం చూసి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

అమ్మ నా వైపు చూసింది. ఏడాది అని నేనే చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది. అప్పుడే వచ్చి ఉంటే కొన్ని వ్యాయామాలు చేయించేవాళ్ళమని, మింగే శక్తి ఇంకొంతకాలం నిలిచేదేమో అని, తప్పు పట్టకుండా, మామూలుగానే చెప్పింది. ఆ పూట నుంచి ఈ పూట దాకా అమ్మ ఎవరి నెత్తీ తట్టలేదు. పాపకు పొలమారినా చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తుంది.

నాన్న ఇంటికి వచ్చాక డాక్టర్లు రెండు వారాల గడువిచ్చారు. ఏదైనా మెత్తగా రుబ్బి, చిక్కగా, ముద్ద లేకుండా పెట్టాలి. బరువు తగ్గకుండా, మళ్ళీ నెమ్ము రాకుండా ఉంటే నోటితోనే తినవచ్చు. లేదంటే పొట్టలోకి పైపు వేస్తారు, ఇక నోటికి ఏమీ ఇవ్వకూడదు. ఇంట్లో అప్పటికే పాపకు రుబ్బుతున్నాను, పద్నాలుగు నెలలు దానికి. ఒకే మిక్సీ, ఒకే పప్పన్నం, రెండు గిన్నెలు. పాపకు ద్రాక్షపండు కూడా నాలుగు ముక్కలు చేసి పెట్టే మనిషిని నేను. అది నిద్రలో దగ్గితే లేచి కూర్చుంటాను. ఇప్పుడు ఇద్దరి గొంతులు చూడాలి. పాప అన్నీ తినేది. నాన్న పెదాలు బిగించేవాడు. ఆకలి లేక కాదు. పాప గిన్నెలో ఉన్నదీ తన గిన్నెలో ఉన్నదీ ఒకటేనని ఆయనకు కనిపిస్తూనే ఉంది. పది రోజుల్లో మూడు కిలోలు తగ్గాడు.

పెట్టెలో ఆ రొయ్య దొరికింది అప్పుడే. తీసుకెళ్ళి ఆయన అరచేతిలో పెట్టాను. వణికే వేళ్ళతో సూదులు తడిమాడు. చాలాసేపటికి, చెవి దగ్గర పెడితే తప్ప వినపడని గొంతుతో, "సముద్రం పోటు ఎన్నింటికి?" అన్నాడు. కిటికీ బయట హాస్టలు పిల్లలు టిఫిన్ బండి దగ్గర కోచింగ్ క్లాసుల గురించి అరుచుకుంటున్నారు. ఐదింటికి అని చెప్పాను. సరేనన్నట్టు తలూపాడు.

ఆస్పత్రి అమ్మాయికి ఫోన్ చేశాను. స్క్విడ్ పెట్టవచ్చా అంటే ఆమె ఆ మాట ఇంకోసారి చెప్పమంది. "పూర్తిగా ఉడికించి, రుబ్బి, వడకట్టి ఇవ్వండి. ఐదు చెంచాలు దాటొద్దు. ప్రతి చెంచాకీ 'ఆ' అనిపించండి. గొంతు తడిగా, గురగురమన్నట్టు వినిపిస్తే ఊపిరితిత్తుల వైపు పోతున్నట్టే, ఆపేయండి. దగ్గు వస్తే ఆపుదామని మాత్రం చూడకండి, ఆయనకు ఇప్పుడు దగ్గు కూడా సరిగా రావడం లేదు," అంది. నేను కాగితం మీద రాసుకున్నాను. ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

ఆదివారం నేను, మా ఆయన రమేశ్ రాంనగర్ చేపల మార్కెట్టుకు వెళ్ళాం. రమేశ్‌ది మహబూబ్‌నగర్, స్క్విడ్‌ను వాళ్ళింట్లో ఎవరూ చూసి ఉండరు. అంతా తిరిగితే ఒకామె దగ్గర ఐసు కింద ఉన్నాయి.

"ఇది ఇక్కడ ఎవ్వరు తింటరక్కా, హోటలోల్లు తీస్కపోతరు," అందామె. "సాఫ్ చేసియ్యాల్నా?"

"వద్దు, నేను చేసుకుంటా."

"నీకు అస్తదా?" అని నన్ను పైనుంచి కిందికి చూసి, రమేశ్‌తో, "చూస్కో అన్నా, రబ్బరు లెక్క అయితది. మల్ల నన్ను తిట్టొద్దు," అంది.

"మా మామకు పండ్లు లేవులే, రబ్బరైనా ఒకటే," అన్నాడు రమేశ్. అని నా ముఖం చూసి, "జర నవ్వు," అన్నాడు. నాన్నకు పళ్ళన్నీ ఉన్నాయి.

తల లాగడం, తిత్తి తీయడం నా చేతులకు గుర్తున్నాయి. ఐసులో ఉన్నవి కాబట్టి రంగు లేదు, చుక్కలూ లేవు. అమ్మ మొదటిసారి వంటింట్లోకి దాన్ని రానిచ్చింది. వెల్లుల్లి ఒలిచి ఇచ్చింది. మూకుడు కాగనిచ్చి, కరివేపాకు, మిరియాలు వేసి, స్క్విడ్ వేశాను. లోపల లెక్క దానంతట అదే మొదలైంది. నూట ఇరవై వచ్చింది, దాటింది. నీళ్ళు పోసి కుక్కరు మూత పెట్టాను. గంట తరువాత తీసి, రుబ్బి, టీ వడపోసే జల్లెడలో వేసి చెంచాతో నొక్కాను. బూడిదరంగు గుజ్జు వచ్చింది. వాసన మాత్రం అదే. కుళాయి గట్టు మీది వాసన మూడో అంతస్తు ఫ్లాటంతా పట్టింది.

నాన్నను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, మొదటి చెంచా ఇచ్చాను. నోరు తెరిచాడు. పది రోజుల్లో తనంతట తను తెరవడం అదే మొదటిసారి. కళ్ళు మూసుకున్నాడు. గొంతు ముడి కదలడానికి చాలాసేపు పట్టింది కానీ కదిలింది. 'ఆ' అనమంటే అన్నాడు, సన్నగా, పొడిగా. రెండు. మూడు. తలుపు దగ్గర పాపను ఎత్తుకుని నిలబడ్డ రమేశ్, "మామ తింటున్నడు చూడు," అన్నాడు మెల్లగా, గట్టిగా అంటే ఆపేస్తాడేమో అన్నట్టు. నాలుగు. ఐదు. పొలమారలేదు. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఐదో చెంచా తరువాత 'ఆ' అన్నాడు. ఆ గొంతు తడిగా ఉంది. నీళ్ళలోంచి అన్నట్టు ఉంది. నేను విన్నాను. ఇది ఇక్కడ రాసిపెట్టాలి, ఎందుకంటే ఇంట్లో ఎవరితోనూ అనలేదు. నేను విన్నాను, ఏమిటో నాకు తెలుసు, కాగితం నేనే రాశాను. గిన్నె పక్కన పెట్టబోయాను. నాన్న కళ్ళు తెరిచి, "ఇంకోటి," అన్నాడు. ఆ మాట అందరికీ వినపడింది. అమ్మ వెంటనే, "అడుగుతున్నారే, పెట్టవే," అంది. నాన్న నన్ను ఏదైనా కావాలని అడిగి ఎన్నేళ్ళయిందో. పెట్టాను. మింగాడు. దగ్గలేదు. ఆ సాయంత్రమంతా మా ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. అమ్మ వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది.

మంగళవారం తెల్లవారుజామున నాన్నకు ఒళ్ళు కాలిపోయింది. మళ్ళీ అదే ఆస్పత్రి, అదే వార్డు. ఆరో చెంచా వల్లేనా అని నేను డాక్టర్ని వేరుగా అడిగాను. చెప్పలేమమ్మా, సొంత ఉమ్మి కూడా ఊపిరితిత్తుల్లోకే పోతోంది, ఇవాళ కాకపోతే ఇంకో వారానికి వచ్చేదే అన్నాడు. ఆ ఒక్క వారం మాట నాకు చాలు, ఇక జన్మంతా ఆలోచించుకోవడానికి. పైపు వేయడానికి సమ్మతి కాగితం మీద నేనే సంతకం చేశాను.

ఇప్పుడు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. బరువు పెరిగాడు. జ్వరం లేదు. మూడు గంటలకోసారి పొడి కలిపిన పాలలాంటిది సిరంజిలో పోసి, పైకెత్తి పట్టుకుంటాను. అది దిగిపోతుంది. ఆకలిగా ఉందా అని ఆయనను ఎవరూ అడగం. అడిగి ఏం చేస్తాం. ఆయనా ఏమీ అడగడు, రొయ్య మాట కూడా మళ్ళీ ఎత్తలేదు. మొదటి వారం పాపకు ఆయన మంచం దగ్గరే అన్నం పెట్టేదాన్ని. తాతయ్య చూస్తూ ఉంటాడు, కాలక్షేపంగా ఉంటుంది అనుకున్నాను. నాలుగో రోజో ఐదో రోజో గమనించాను. నేను చెంచా పాప వైపు తీసుకెళ్ళినప్పుడల్లా, పాపతో పాటు నాన్న నోరు తెరుస్తున్నాడు. ఆయనకు తెలిసి చేస్తున్నది కాదు. చెంచా పాప నోట్లోకి వెళ్ళాక మళ్ళీ మూస్తున్నాడు.

ఆ మరునాటి నుంచి పాపకు వంటింట్లో కింద కూర్చుని, తలుపు వేసి పెడుతున్నాను.